సీట్ల అక్క బొత్తాం వదిలిన ఏడాది

కారు సీటు చిరిగినా, స్పాంజి కుంగినా, కుట్టు విడినా ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పే మాట ఒకటే: "సీట్ల అక్క దగ్గరికి పొండి." ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడదు. పళ్ళ డాక్టరు కుర్చీ దగ్గర్నుంచి క్రేను బండి సీటు దాకా ఆవిడ సూది దిగని సీటు లేదు. పల్లెబడిలో చదివింది అయిదో తరగతే. అయితేనేం, టేపు పెట్టకుండా కంటితో చూసి రెక్సిన్ కోస్తే వేలెడు ముక్క వృథా పోదు. మూడు కుట్టుమిషన్లు, ఇద్దరు పనివాళ్ళు, తలుపు మీద ఎర్రక్షరాల బోర్డు, అన్నీ తన రెక్కల కష్టమే. ఆ సంగతి ఆవిడే చెబుతుంది. వచ్చినవాళ్ళు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే చెబుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, పందెం బాట మీద ఆవిడ సంపాదించిన పేరు ఒక ఎత్తు.

విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడ డ్రాగ్ రేసులు జరుగుతాయి. గుండ్రంగా తిరిగే రేసులు కావు అవి. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. ముందు గీత నుంచి చివరి గీత దాకా తిన్నటి దారి, పావు మైలు. ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోతుంది. నడిపేవాళ్ళంతా వారం పొడుగునా ఇంకేదో పని చేసుకు బతికేవాళ్ళే. ఒకరిది కొత్త బండి, ఒకరిది తాతల నాటిది. మరి సమానం ఎలా అంటే, ప్రతివాళ్ళూ తమ బండి ఎన్ని సెకన్లలో చివరి గీత చేరుతుందో ముందే చెప్పి, ఆ అంకెను అద్దం మీద తెల్లరంగుతో రాసుకోవాలి. నెమ్మది బండికి పచ్చదీపం ముందు వెలుగుతుంది, జోరు బండికి ఆ తేడా మేరకు ఆలస్యంగా వెలుగుతుంది. చెప్పినదానికంటే తొందరగా చేరారా, ఓటమే. అబద్ధం చెప్పినట్టు లెక్క. పసుపు దీపాలు వరసగా వెలిగి పచ్చదీపం వచ్చేలోపే కదిలితే ఎర్రదీపం, ఇంటిదారి. అందుకని గెలుపు చాలా మటుకు బయలుదేరడంలోనే ఉంటుంది. పచ్చదీపం వెలిగిన రెప్పపాటును ఎవరు పట్టుకుంటే వాళ్ళదే పందెం.

సీట్ల అక్క ఆ రెప్పపాటును పట్టిన మనిషి. ఆ బాట మీద స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి కూడా ఆవిడే. మొదటి ఏడాది నవ్వినవాళ్ళు రెండో ఏడాది పక్కకు తప్పుకున్నారు, మూడో ఏడాది సీట్లు కుట్టించుకోవడానికి వచ్చారు. ఏడాది కప్పులు ఏడు. దుకాణంలో దారపు కండెల పక్కన అరమీద వరసగా ఉంటాయి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించనిదే గీత దగ్గరికి రానివ్వకూడదన్న నిబంధన ఆవిడ నోటి నుంచి వచ్చిందే.

నిబంధన పుట్టించడం అక్కడ నోటిమాట కాదు. పందేలు ముగిశాక, మళ్ళీ మొదలయ్యేలోపు ఉండే ఖాళీ నెలల్లోనే ఆ పని జరుగుతుంది. ఎవరికి మార్పు కావాలో వాళ్ళు దాన్ని కాగితం మీద రాసి, బాట పక్కనున్న టీ గది గోడకు అంటించాలి. ఒక్క ఊపిరిలో చదవగలిగేంతే ఉండాలి. రెండో ఊపిరి కావలసి వస్తే చించేస్తారు. కొన్ని వారాలు అందరూ దాని ముందు నిలబడి టీ తాగుతారు, తిడతారు, కింద తమ అభ్యంతరాలు రాస్తారు. ఆ తరువాత నడిపేవాళ్ళంతా చేతులెత్తి తేలుస్తారు. ప్రాణానికి సంబంధించినదైతే ఆ సాయంత్రం నుంచే అమలు, మిగతావి కొత్త పందేల నుంచి.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. ఒకప్పుడు అందరూ ఉత్సాహంగా చేతులెత్తి, పరుగయ్యాక మనిషితో సహా బండిని తూచి, ఇంత బరువుకు తగ్గితే ఓడినట్టే అని పెట్టారు. ఇంకేం, బక్కవాళ్ళంతా చివరి గీత దాటగానే నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. కోళ్ళ ఫారం ఆయన సీసాలకు సీసాలు పట్టించి, తూకం దగ్గర వరసలో నిలబడలేక చెట్ల చాటుకు పరిగెత్తి వచ్చి, సరిగ్గా ఆ చెట్ల చాటున పోయినంత బరువుకే ఓడిపోయాడు. ఆ రోజు సీట్ల అక్క టీ గదిలో లేచి, "తనిఖీ చేయలేనిది నిబంధన కాదు, కోరిక" అంది. ఆ మాట ఇప్పటికీ గోడ మీద ఉంది. ఇంకో ఆచారం కూడా అప్పుడే పుట్టింది. మార్పు అడిగినవాళ్ళు చేతులెత్తే ముందు, ఆ మార్పు వల్ల ఎక్కువ నష్టపోయేవాళ్ళ సీట్లో కూర్చుని ఒక పరుగు తీయాలి. నష్టపోయేవాళ్ళు వీళ్ళ సీట్లో కూర్చుని ఇంకో పరుగు తీయాలి. నొప్పి తెలిశాకే చెయ్యి ఎత్తడం.

రెండేళ్ళ కిందట సీట్ల అక్క రెక్సిన్ చుట్ట భుజాన వేసుకుని అటక నిచ్చెన దిగుతూ జారింది. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. నడక వచ్చింది గానీ కాలిలో బలం రాలేదు. గీత దగ్గర ఎడమ కాలితో బ్రేకు అదిమిపెట్టి, కుడికాలితో ఇంజను మోగించి, సరిగ్గా సమయానికి ఎడమ కాలు తీయాలి. బండి ముందుకు గుంజుతుంటే ఆ కాలు వణికి జారేది. మెకానిక్ అయిన తమ్ముడు ఆలోచించి స్టీరింగు మీద ఒక బొత్తాం పెట్టాడు. నొక్కి ఉంచినంతసేపు గేర్లు బిగుసుకుని బండి కదలదు, వేలు తీస్తే ఉరుకుతుంది. వద్దనే నిబంధన ఏదీ లేదు. ఆ ఏడూ, మరుసటి ఏడూ కప్పు ఆవిడదే. "కాలు పోయినా కప్పు పోలేదు" అని ఆవిడ చెప్పుకోని రోజు లేదు. చెప్పుకోదగ్గదే.

గొడవ ఇంకోచోట మొదలైంది. మందుల దుకాణం నడిపేవాడు ఒకడున్నాడు. మీసం నెరుస్తున్నా అందరికీ మందుల అబ్బాయే. అతనూ తన బండికి అలాంటి బొత్తామే పెట్టించి, దానికి ఒక చిన్న పెట్టె తగిలించాడు. మొదటి పసుపు దీపానికే వేలు తీసేయడం, మిగతా సమయం లెక్కపెట్టి బండిని వదిలే పని పెట్టెది. కన్ను అక్కర్లేదు, గుండెదడ అక్కర్లేదు. ఈ ఏడాది పందేల్లో సగం ఎత్తుకుపోయాడు. ఏడాది కప్పు ఒక్కటే సీట్ల అక్క చేతిలో వెంట్రుకవాసి తేడాతో పోగొట్టుకున్నాడు.

పందేలు ముగిసిన వారానికి ఆవిడ బావ దుకాణంలోకి వచ్చాడు. మేనత్త కొడుకు, అక్క మొగుడు, లారీలకు రంగులేసే మనిషి. చిన్నప్పటి నుంచి కలిసి కొట్టుకుని పెరిగారు. పందెంలో మాత్రం అతనికి నిద్రబావ అని పేరు. పచ్చదీపం వెలిగాక టీ తాగి బయలుదేరతాడని వేళాకోళం.

"సీటు చిరిగింది మరదలా, ఓసారి చూస్తావా?"

"నీ సీటు మొన్ననే కుట్టాను బావా. చిరిగినట్టుంది నీ మొహమే. సంగతి చెప్పు."

అతను గోళ్ళలో రంగు గీక్కున్నాడు. "గోడకి ఒక కాగితం అంటించబోతున్నా. నువ్వు అక్కడ చదివేకంటే నా నోటితో వింటే బాగుంటుందని వచ్చా."

"ఒక్క ఊపిరిలో చెప్పు మరి."

"గీత దగ్గర బండిని కాలి బ్రేకుతోనే ఆపాలి, కాలితోనే వదలాలి. అంతే."

మిషను ఆగింది. సూది రెక్సిన్‌లో సగం దిగి అక్కడే ఉండిపోయింది.

"అంటే నా బొత్తాం తీసేయాలా?"

"నీ బొత్తాం కాదే తల్లీ, వాడి పెట్టె."

"అయితే పెట్టె అనే రాయొచ్చుగా!"

"రాస్తే చూసేదెవరు? అగ్గిపెట్టెంత కూడా లేదది. డాష్‌బోర్డు వెనక దూర్చేస్తే దేవుడు దిగొచ్చినా కనబడదు. బొత్తాం ఉన్నంతకాలం దాని వెనక పెట్టె ఉందో లేదో ఎవడు చెప్పగలడు? తనిఖీ చేయలేనిది నిబంధన కాదు, కోరిక అన్నదెవరు? నేనా?"

"నా మాటతో నన్నే కొడుతున్నావన్నమాట."

"వెతగ్గా వెతగ్గా నీ మాటల్లో పనికొచ్చేది అదొక్కటే దొరికింది."

"పో బావా! అక్కతో చెప్పి నీకు భోజనం లేకుండా చేస్తా."

"ఆ పని మీ అక్క పొద్దున్నే చేసింది. అందుకే ఈ వేళప్పుడు ఇటొచ్చా."

ఇద్దరూ నవ్వారు. అతను వెళ్ళాక మాత్రం ఆవిడకు కుట్టు తిన్నగా పడలేదు. బొత్తాం పోతే నడపడం పోతుంది. ఎనిమిదో కప్పు సంగతి తరువాత, అసలు ఆ గీత దగ్గరికి వెళ్ళే దారే మూసుకుపోతుంది. ఆదివారాలు దుకాణంలో కూర్చుని ఇతరుల సీట్లు కుడుతూ, గతం చెప్పుకుంటూ బతకాలి. ఆ బతుకు ఆవిడ ఊహకు అందలేదు.

ఆవిడ భర్త బడి బస్సు డ్రైవరు. ఉద్యోగం మొత్తంలో నలభై దాటించి ఎరగడు. పందెం చూడ్డానికి ఒక్కసారి వెళ్ళి, శబ్దానికి తలనొప్పి తెచ్చుకుని, మళ్ళీ వెళ్ళలేదు. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అంతా విన్నాడు.

"మా బస్సులో పిల్లలు కూడా రోజుకో నిబంధన పెడతారు," అన్నాడు. "ఎర్ర చెప్పులవాళ్ళు ముందు ఎక్కాలి, పొడుగువాళ్ళు ముందు ఎక్కాలి అని. ఏది పెట్టినా ఒకటి మాత్రం తప్పదు. పెట్టినవాడు ముందు ఎక్కుతాడు."

"చూశావా! బావ బుద్ధి కూడా అంతే. అందరి బొత్తాలూ పోతే నిద్రబావ కూడా మనిషవుతాడు."

భర్త గిన్నె బోర్లించి ఇంకోటి అందుకున్నాడు.

మరునాడు ఆవిడ తమ్ముణ్ణి పిలిచింది. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం పన్నారు. బొత్తాం దగ్గర్నుంచి గేర్ల దాకా ఒకే తీగ, మధ్యలో అతుకు లేకుండా, అంతా పైకి కనబడేలా గాజులాంటి ప్లాస్టిక్ గొట్టంలో. ఎవరైనా వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకోవచ్చు. పెట్టె దాచడానికి చోటుండదు. బావ వాదనకు అంతకంటే జవాబేముంది? తమ్ముడు గొట్టం బిగిస్తుంటే ఆవిడ చేతులెత్తే రోజున చెప్పబోయే మాటలు పైకే అనుకుంది: పట్టీ నిబంధన తెచ్చింది నేను, నీళ్ళ తూకం ఆపించింది నేను, మోకాలు విరిగినా బాట వదలనిది నేను.

"చివరిది అనేటప్పుడు కొంచెం కుంటు అక్కా, జాలి పుడుతుంది," అన్నాడు తమ్ముడు.

"నోర్మూసుకుని మరలు బిగించు."

సీట్లు మార్చుకునే రోజు వచ్చింది. ఎండ మెత్తబడింది, గాలి లేదు. నడిపేవాళ్ళంతా టీ గ్లాసులతో గీత పక్కన నిలబడ్డారు. ముందు సీట్ల అక్క, బావ పందేలకు నడిపే వ్యాను ఎక్కింది. ఎడమ కాలు బ్రేకు మీద పెట్టి, ఇంజను మోగించింది. పసుపు వెలిగింది. మోకాలిలో సన్నగా వణుకు మొదలై తొడ దాకా పాకింది. కాలు నిలవలేదు. వ్యాను ముందుకు దొర్లింది, ఎర్రదీపం పడింది. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు నేల చూపులు చూశారు. ఆవిడ మాత్రం తల దించలేదు. అందరూ చూడాలనే కదా, చూశారు. లోలోపల, గెలిచాననుకుంది.

ఆ తరువాత బావ ఆవిడ కారులో కూర్చున్నాడు. ఆవిడ కొలతకు కుట్టిన సీటు, అతని పొట్ట స్టీరింగుకు తగిలింది.

"ఊపిరి బిగబట్టు బావా! లేకపోతే పొట్టే బొత్తాం నొక్కేస్తుంది."

నవ్వుల మధ్య దీపాలు వెలిగాయి. బావ వేలు తీశాడు. కారు తుపాకీ గుండులా పోయింది. ఎంత ఆలస్యంగా కదిలారో చూపే పెద్ద బోర్డు వైపు అందరి తలలూ తిరిగాయి. నవ్వులు ఆగిపోయాయి. నిద్రబావ తన జన్మలో అంత చక్కగా బయలుదేరలేదు. పచ్చదీపానికీ అతనికీ మధ్య వెంట్రుక దూరదు.

"గాలివాటం," అన్నారెవరో.

సీట్ల అక్క ముందుకు వచ్చింది. ఆచారం ప్రకారం ఒక్క పరుగే. "ఇంకోసారి తియ్యి బావా," అంది.

ఇంకోసారి తీశాడు. ఈసారి ఇంకా మెరుగు. దిగివచ్చి, పిల్లాడిలా మొహం వెలిగించుకుని, "మరదలా, ఇంత సుఖమా! నా కాగితం చించేసి నేనూ ఒకటి పెట్టించుకుంటా" అన్నాడు. అన్నాక ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఆవిడ బోర్డు వైపే చూస్తూ ఉంది. కారులో పెట్టె లేదు. అందులో ఏ మోసమూ లేదు. ఉన్నది బొత్తాం ఒక్కటే. విరిగిన కాలికి ఊతకర్ర అనుకుంది ఇన్నాళ్ళూ. రెండు కాళ్ళూ గట్టిగా ఉన్న మనిషికి, అదీ నిద్రబావకు, అది రెక్కలిచ్చింది. అలాంటప్పుడు తనకు ఇచ్చిందేమిటి? మోకాలు పోగొట్టినంతే ఇచ్చిందా, ఇంకొంచెం పైన వేసి ఇచ్చిందా? మొదటి అయిదు కప్పుల నాడు తాను ఎలా బయలుదేరేదో ఆవిడకు గుర్తుంది. చాలా బాగా బయలుదేరేది. చివరి రెండేళ్ళలో అంతకంటే బాగా బయలుదేరింది. కాలు పోయాక మెరుగుపడింది. ఆ మాట ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకుందే తప్ప, అదెలా సాధ్యమని ఒక్కసారైనా అనుకోలేదు. నీ ఒడుపు అలాంటిదని అందరూ అన్నారు, ఆవిడా అదే అనుకుంది.

టీ గదిలోకి వెళ్తుంటే తమ్ముడు వెనకాలే వచ్చాడు. "అక్కా, గొట్టం చూపిద్దామా? అందర్నీ కారు దగ్గరికి పిలవనా?"

"వద్దురా."

"అదేంటి? తీగ అంతా కనబడుతోందిగా!"

"కనబడాల్సింది బోర్డు మీద కనబడింది."

లోపల అందరూ కూర్చున్నాక మందుల అబ్బాయే ముందు లేచాడు. "అక్క కాలు మనందరం చూశాం. డాక్టరు కాగితం తెచ్చినవాళ్ళకి బొత్తాం ఉండొచ్చని ఒక ముక్క కలుపుదాం. మనకి అక్క లేని బాట వద్దు." మంచి మనసుతోనే అన్నాడు. బల్లల చుట్టూ తలలు ఊగాయి. బావ కూడా, "అది కలిపినా ఒక్క ఊపిరిలోనే వస్తుంది," అన్నాడు.

సీట్ల అక్క బల్ల అంచు పట్టుకుని లేచింది. కంఠతా పట్టిన మాటలు ఒక్కటీ రాలేదు.

"మీ అభిమానానికి సంతోషం. కానీ వినండి. మినహాయింపు ఇచ్చేది మోకాలికి, లాభం వచ్చేది బొటనవేలికి. అది సరికాదు. రేపు ఇంకొకడు డాక్టరు కాగితం తెస్తే మనమేం చెయ్యాలి? మోకాళ్ళు తనిఖీ చేస్తూ కూర్చుంటామా?"

"నీ సంగతి వేరే అక్కా," అన్నాడు కోళ్ళ ఫారం ఆయన.

"నా సంగతి వేరే అని నేనూ అనుకున్నా అన్నయ్యా. ఇందాకటిదాకా అనుకున్నా. నావి ఏడు కప్పులని చెప్పుకుంటాను కదా. అయిదు నా కాలివి. రెండు ఎవరివో ఇవాళ్టి నుంచి నాకు తెలీదు. బావ నిబంధనకి నా చెయ్యి. ఆ కలపడాలూ అవీ ఏం వద్దు."

అని చెయ్యి ఎత్తింది. తక్కిన చేతులు వెంటనే లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్కటే లేచాయి. మందుల అబ్బాయి చెయ్యి లేవలేదు. కొంతసేపటికి అతను కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ తప్పుపట్టలేదు. నష్టం అతనిదీ.

ఆ తరువాత ఆవిడ నాలుగు రోజులు దుకాణం తెరవలేదు. తన పెళ్ళినాడు కూడా మధ్యాహ్నం దాకా కుట్టిన మనిషి! అయిదో రోజు తమ్ముడు వస్తే, "ఒకే కాలితో నడపొచ్చా?" అని అడిగింది.

"నడపొచ్చు. బ్రేకు మీదున్న కుడికాలు తీసి ఎక్సిలేటర్ మీద వెయ్యాలి. ముందుగా ఇంజను మోగించడానికి ఉండదు. బండి ముసలి ఎద్దులా లేస్తుంది."

"లేస్తుందిగా?"

"లేస్తుంది."

"అయితే సరే. చెప్పే అంకె పెంచుకుంటే పోలా? ఏ నిబంధనైనా అడ్డమా?"

ఖాళీ నెలలన్నీ మూతబడిన గోదాము వెనక స్థలంలో సాధన చేసింది. తమ్ముడు టార్చిలైట్లకు పసుపు కాగితం చుట్టి వెలిగించేవాడు. మొదట్లో బండి దగ్గి ఆగిపోయేది. పాదం పెడల్ల మధ్య ఇరుక్కునేది. ముప్పై ఏళ్ళుగా ఒంటికి తెలిసిన సమయం పనికిరాకుండా పోయింది. పచ్చదీపం కోసం ఎంత ముందుగా కాలు తీయాలో చంటిపిల్ల అడుగులా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. కోపం వచ్చిన రోజు తమ్ముణ్ణి తిట్టింది, బావను తిట్టింది, నిచ్చెనను తిట్టింది. దిగి ఇంటికి మాత్రం పోలేదు.

కొత్త పందేల మొదటి ఆదివారం అద్దం మీద ఆవిడ రాసుకున్న అంకె ఆ బాట మీద అందరికంటే నెమ్మదిది. కిందటేడు చేరిన కుర్రకారు చూసి గుసగుసలాడారు. ఆవిడ కిటికీ దించి, "గట్టిగానే చదవండి నాయనా, తప్పు లేకుండా రాశాను," అంది.

మొదటి పోటీ కోళ్ళ ఫారం ఆయనతో. ముందు కదిలిన ఆవిడ బండిని అందుకోవాలన్న ఆత్రంలో ఆయన చెప్పిన అంకె కంటే జోరుగా పోయి ఓడిపోయాడు. రెండోది బావతో. అతను ఎప్పటిలాగే నిద్రగానే బయలుదేరాడు. ఆవిడ ఇంకా నిద్రగా బయలుదేరింది. చివరి గీత దగ్గర వ్యాను ముక్కు ముందుంది.

బళ్ళు వెనక్కి వచ్చే దారిలో బావ పక్కకు వచ్చి నెమ్మది చేశాడు. "బాధగా ఉందా మరదలా?"

"ఓడినందుకు కాదు బావా. నీ చేతిలో ఓడానని దుకాణానికి వచ్చినవాళ్ళకి ఏ మొహంతో చెప్పాలా అని."

"చెప్పకు. నేను చెబుతాలే అందరికీ."

"నువ్వు చెప్పేలోపు తెల్లారుతుంది."

నవ్వుకుంటూ అతను ముందుకు పోయాడు. ఆవిడ కారు ఆపి, తలుపు తెరిచి, కుడికాలు బయట పెట్టి మడమ రుద్దుకుంది. తమ్ముడు నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. ఓదార్చడానికి ఏ మాట వెతుక్కుంటున్నాడో గానీ, ఆవిడ చెప్పనివ్వలేదు.

"బ్రేకు పెడలు ఇంకో రెండు వేళ్ళు ఇటు జరపాలిరా. కాలు మార్చేటప్పుడు అంచు తగులుతోంది. వచ్చే ఆదివారంలోపు అయిపోవాలి."